‘కాదు’ అనబోతే గుండె దడ.. ధైర్యానికి మందు ఉందా డాక్టర్?

ప్రశ్న: నా వయసు 37. ఆఫీసులో జరగని తనిఖీలు జరిగినట్టు రిపోర్టుల మీద సంతకం పెట్టమంటున్నారు. అది తప్పని నా నమ్మకం. ‘పెట్టను’ అని చెప్పేయాలని ప్రతిసారీ అనుకునే వెళ్తాను. తీరా మేనేజర్ గదిలో అడుగు పెట్టగానే గుండె దడదడలాడుతుంది, చేతులు వణుకుతాయి, నోరు ఎండిపోతుంది. సంతకం పెట్టేసి బయటికొస్తాను. ఇంట్లోనూ నాకు నమ్మకం పోయిన విషయాలకు తలూపుతూనే ఉన్నాను. రాత్రి రెండు దాటినా నిద్ర పట్టడం లేదు. ఈసీజీ, ఎకో, థైరాయిడ్ పరీక్షలు నార్మల్ అన్నారు. నేను పిరికివాణ్ణా? ధైర్యం రావడానికి మాత్రలేమైనా ఉన్నాయా?
– ఓ పాఠకుడు

జవాబు: తప్పొప్పులు పట్టనివాళ్లకు ఈ దడ రాదండీ, నిద్రా పోదు. కాబట్టి పిరికివాడినన్న మాట ముందు పక్కన పెట్టండి.

ఇక గుండె సంగతి. మీ దడ మేనేజర్ గదిలో వస్తోంది. మెట్లెక్కినప్పుడో, వేగంగా నడిచినప్పుడో వస్తోందని మీరు రాయలేదు. ఇది చాలా విలువైన ఆధారం. పరీక్షలూ బాగానే ఉన్నాయి కనుక గుండె జబ్బు అనుకోవడానికి కారణం కనిపించడం లేదు. రక్తహీనత లేదని ఒకసారి చూపించుకోండి. కాఫీ, టీలు ఎక్కువైతే తగ్గించండి. శ్రమ చేసినప్పుడు ఛాతీలో నొప్పి వచ్చినా, దడతో పాటు కళ్లు తిరిగి పడిపోయినా మాత్రం నా జవాబు మీద ఆధారపడకుండా వెంటనే గుండె వైద్యుణ్ణి కలవండి.

ఆ గదిలో మీ ఒంట్లో జరిగేది ఇదీ. ప్రమాదం ఉందని మెదడు అనుకోగానే కిడ్నీల పైనుండే అడ్రినల్ గ్రంథులు అడ్రినలిన్ వదులుతాయి. గుండె వేగం పెరుగుతుంది, కండరాలు బిగుసుకుని చేతులు వణుకుతాయి, లాలాజలం తగ్గుతుంది. ఎదురుగా పాము కనిపించినా ఇదే జరుగుతుంది. మరి అక్కడ పాము లేదు కదా? మనిషి ఎప్పుడూ గుంపులో బతికిన ప్రాణి. తనవాళ్లు వెలివేస్తారేమోనన్న భయాన్ని కూడా మెదడు ప్రాణభయం లాగే తీసుకుంటుంది. ఆ దడ చెప్పేది ‘నువ్వు ఒంటరివైపోతావు’ అని. మీరేమో దాన్ని ‘నువ్వు చేస్తున్నది తప్పు’ అని వింటున్నారు. నా దగ్గరికి వచ్చేవాళ్లలో చాలామంది పొరబడేది సరిగ్గా ఇక్కడే.

1951లో సోలమన్ ఆష్ అనే మనస్తత్వవేత్త ఒక ప్రయోగం చేశారు. ఒక గీత చూపించి, పక్కనున్న మూడు గీతల్లో దానికి సమానమైనది ఏదో చెప్పమన్నారు. చిన్న పిల్లలైనా చెప్పగలరు. అయితే ఆ గదిలో ఒక్కరు తప్ప మిగతా అందరూ ముందే మాట్లాడుకుని వచ్చినవాళ్లు. 18 సార్లలో 12 సార్లు అందరూ కలిసి కావాలనే తప్పు జవాబు చెప్పేవారు. అసలు సంగతి తెలియని ఆ ఒక్కరు ఏం చేస్తారన్నదే పరీక్ష. దాదాపు 75 శాతం మంది కనీసం ఒక్కసారైనా కళ్లెదుట కనిపిస్తున్న నిజాన్ని వదిలేసి గుంపుతో గొంతు కలిపారు. గీతల పొడవు విషయంలోనే ఇలా ఉంటే, జీతం ఇచ్చే మనిషి ముందు మీ గొంతు పెగలకపోవడంలో వింతేముంది?

ఇందులో మీకు పనికొచ్చే సంగతులు రెండున్నాయి. చివరిదాకా తమ జవాబు మీదే నిలబడ్డవాళ్లలోనూ కొందరు ఇబ్బంది పడ్డారు, తమను తాము అనుమానించుకున్నారు. అయినా కనిపించినదే చెప్పారు. అంటే ఒళ్లు వణకడం, మాట మీద నిలబడటం రెండూ ఒకే మనిషిలో ఒకేసారి ఉండగలవు. దడ తగ్గాక మాట్లాడదామని మీరు ఎదురుచూస్తున్నారు. అది మాట్లాడిన తర్వాతే తగ్గేది. రెండో సంగతి, ఆ గదిలో ఇంకొక్కరు సరైన జవాబు చెబితే చాలు, గుంపుకు లొంగిపోవడం సుమారు మూడో వంతు నుంచి 5 శాతం దగ్గరికి పడిపోయింది. ఒక్క తోడు చాలన్నమాట. మీ ఆఫీసులో ఆ రిపోర్టులంటే ఇబ్బంది పడేవాళ్లు ఇంకొకరు ఉండే ఉంటారు. మేనేజర్ కంటే ముందు ఆ మనిషితో మాట్లాడండి.

సంతకం పెట్టగానే దడ తగ్గుతుంది కదా? ముడి అక్కడే పడుతోంది. లొంగిపోతే హాయిగా ఉంటుందని మెదడు ప్రతిసారీ నేర్చుకుంటోంది. మరుసటిసారి ఇంకాస్త గట్టిగా భయపెడుతుంది. పగలు తప్పించుకున్న ఆ బరువు రాత్రి పడక మీదికి వస్తుంది. ఏది సరైనదో తెలిసీ, పై ఒత్తిళ్ల వల్ల చేయలేకపోయినప్పుడు కలిగే ఈ బాధకు 1984లో ఆండ్రూ జేమ్‌టన్ నర్సుల గురించి రాస్తూ నైతిక వేదన అని పేరు పెట్టారు. వైద్య వృత్తిలో ఉన్నవాళ్లకు ఇది కొత్త కాదు. నేను జూనియర్‌గా ఉన్నప్పుడు, చూడని రోగిని చూసినట్టు కేస్ షీట్‌లో రాయమన్నారు. రాశాను. ఆ రోగికి ఏమీ కాలేదు. అయినా ఆ పేజీ నాకు ఇప్పటికీ గుర్తుంది.

మాత్రల గురించి అడిగారు. ప్రొప్రనలాల్ లాంటివి చేతుల వణుకు, దడ కాస్త తగ్గిస్తాయి. ఆస్తమా ఉన్నవాళ్లు వాడకూడదు, నాడి మరీ నెమ్మదిగా కొట్టుకునేవాళ్లకూ పనికిరావు. షుగర్ మందులు వాడేవాళ్లలో షుగర్ పడిపోయినా దడ లాంటి లక్షణాలు బయటపడనివ్వవు. డాక్టర్ చూసి రాయకుండా కొనుక్కోవద్దు. ఆందోళనకు వాడే మత్తు మాత్ర అల్ప్రాజోలం జోలికి అసలే వెళ్లకండి. ఆ పూటకు నెమ్మదిస్తుంది, తర్వాత అలవాటుగా మారుతుంది. మద్యమూ అంతే. ‘పెట్టను’ అన్న మాట ఏ మాత్రా మీ చేత అనిపించదు.

దాన్ని సాధన చేయాలి. ముందు చెప్పబోయే వాక్యం రాసుకోండి. పొట్టిగా, నిజంగా, ఎవరినీ నిందించకుండా ఉండాలి. ‘ఈ తనిఖీ ఇంకా జరగలేదు సార్, జరిగాక సంతకం పెడతాను.’ ఇంతే. కారణాలు, క్షమాపణలు దానికి తగిలించకండి. వాటిని పట్టుకునే అవతలివారు వాదన మొదలుపెడతారు. ఇంట్లో గట్టిగా పదిసార్లు పలకండి. మొదటి ప్రయత్నం మేనేజర్ దగ్గర వద్దు. నష్టం లేని చిన్న విషయంలో, మీ అభిప్రాయం వేరని ఎవరో ఒకరికి చెప్పండి. గదిలోకి వెళ్లే ముందు ఊపిరి పీల్చిన దానికన్నా రెట్టింపు సేపు వదులుతూ కొన్ని నిమిషాలు కూర్చోండి. ఎదురు ప్రశ్న వస్తే అదే వాక్యం మళ్లీ చెప్పండి, కొత్తది వెతక్కండి.

ఇలా చెప్పడం చేతకానితనంలా అనిపిస్తే ఫ్రాన్సిస్ కెల్సీని తలచుకోండి. 1960లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థలో చేరిన కొత్తలోనే థాలిడోమైడ్ అనుమతి ఫైలు ఆ డాక్టర్ బల్ల మీదికి వచ్చింది. నిద్రకూ, గర్భిణుల వికారానికీ అప్పటికే ఎన్నో దేశాల్లో అమ్ముతున్న మందు అది. కంపెనీ పదే పదే ఒత్తిడి చేసింది. సురక్షితమని తేల్చే ఆధారాలు చాలలేదని, ఇంకా సమాచారం కావాలని ఆమె ప్రతిసారీ ఒకే జవాబు ఇచ్చారు. ప్రపంచవ్యాప్తంగా ఆ మందు వల్ల 10,000 మందికి పైగా పిల్లలు అవయవ లోపాలతో పుట్టినట్టు అంచనా. 1961 చివరికల్లా దాన్ని మార్కెట్ నుంచి వెనక్కి తీసుకోవడం మొదలైంది. ఆమె గొంతు పెంచలేదు, సంతకం పెట్టలేదు, అంతే.

ఇంటి సంగతి వేరు. మనసులో మారిన ప్రతి నమ్మకాన్నీ అందరి ముందూ ప్రకటించాల్సిన అవసరం లేదు. పెద్దవాళ్లు బాధపడతారని ఒక చోట మౌనంగా ఉంటే అది కపటం కాదు. మీరు తలూపడం వల్ల మరొకరికి హాని జరుగుతోందా అన్నదే కొలత. జరగని తనిఖీ రిపోర్టు వల్ల జరగొచ్చు. అందుకే ఆఫీసుతోనే మొదలుపెట్టమంటున్నాను. మీ నమ్మకాన్ని కూడా అప్పుడప్పుడు పరీక్షించుకోండి. కొత్త ఆధారం ఎదురైనప్పుడు మనసు మార్చుకోవడానికీ ధైర్యం కావాలి.

ఉద్యోగం పోయే ప్రమాదం నిజంగా ఉంటే తొందరపడొద్దు. మిమ్మల్ని అడిగిన విషయాలు తేదీలతో రాసి పెట్టుకోండి, లాయర్ సలహా తీసుకోండి, కొన్ని నెలల ఖర్చులకు డబ్బు చూసుకోండి. అలా సిద్ధపడటం కోసం ఆగితే దాన్ని వెనకడుగు అనుకోకండి.

నెల దాటినా నిద్ర కుదుటపడకపోయినా, దేని మీదా ఆసక్తి లేకపోయినా మానసిక వైద్యుణ్ణి కలవండి. ఆందోళనకు కౌన్సెలింగ్, అవసరమైతే అలవాటు పడని మందులు ఉన్నాయి. చనిపోవాలన్న ఆలోచన వస్తే ఒక్క రోజు కూడా ఆగొద్దు, అప్పుడే ఇంట్లోవాళ్లకు చెప్పి ఆసుపత్రికి వెళ్లండి. డాక్టర్ దగ్గరికి వెళ్లేటప్పుడు ఈసీజీ రిపోర్టులతో పాటు, దడ ఏ రోజు, ఎవరి ముందు, ఏ మాట ఆపుకున్నప్పుడు వచ్చిందో రాసుకున్న కాగితం కూడా తీసుకెళ్లండి. ఎకో కన్నా ఆ కాగితమే వారికి ఎక్కువ చెబుతుంది.