అసీల్ కోడిపిల్లలకు కాళ్లు పడిపోతున్నాయా? కాల్షియం ఆపండి

ప్రశ్న: మాది ఒడిశాలో రాయగడ జిల్లా, గుణుపురం దగ్గర పల్లె. తాతల నాటి అసీల్ జాతి కోళ్లు, డేగ, కాకి రంగులవి, మా దగ్గర ఉన్నాయి. పందేలకు ఇవ్వం. ప్రదర్శనలకు తీసుకెళ్తాం, జాతి నిలవాలని పిల్లలు తీయిస్తాం. మూడు, నాలుగు నెలల పిల్లలు కుంటుతూ పడిపోతున్నాయి. మేత తింటున్నా చిక్కిపోతున్నాయి. కాల్షియం తక్కువైందని షాపులో టానిక్, బలానికి ఇంజెక్షన్ ఇచ్చారు. తగ్గలేదు.

జవాబు: కాల్షియం ఆపేయండి. మీరు పంపిన ఫొటోలో పిల్ల ఒక కాలు ముందుకు, ఒకటి వెనక్కు చాపి పడి ఉంది. ఈ వయసులో అలా కనిపిస్తే నా మొదటి అనుమానం మారెక్స్ అనే వైరస్ జబ్బు. కొక్కెర తెగులు (రాణికేట్) అయితే మెడ తిరగడం, పచ్చరెట్ట, గుంపుగా చావులు ఉండేవి. ఈసారి చచ్చిన పిల్లను పాతిపెట్టకుండా ఐసులో పెట్టి, అదే రోజు పశువైద్యశాలలో కోయించండి. తొడనరం ఒకవైపు లావెక్కి ఉంటే అది మారెక్స్ అని దాదాపు తేలినట్టే.

ఇది వైరస్, దీనికి మందు లేదు. కోలుకున్న కోడి కూడా బతికినన్నాళ్లూ వైరస్ వదులుతూనే ఉంటుంది, కాబట్టి ఎంత మంచి రంగైనా జోడీకి ఉంచకండి. ఈకల పొట్టులో, షెడ్డు చెత్తలో అది నెలల తరబడి బతుకుతుంది.

అయితే ఈ వైరస్ గుడ్డు లోపలి నుంచి పిల్లకు రాదు. అంటే మీ వరసను కాపాడుకోవచ్చు. అసీల్ పెట్ట చక్కగా పొదుగుతుంది, నిజమే. కానీ ఇప్పుడు దాని ఈకల పొట్టే పిల్లకు ముప్పు. గుడ్లను ఇంక్యుబేటర్‌లో పెట్టించి, పిల్లలను పెద్ద కోళ్లకు దూరంగా, వేరే గదిలో కనీసం 6 వారాలు పెంచండి. ఆ గదికి చెప్పులు కూడా వేరే ఉండాలి.

పిల్ల పుట్టిన రోజే మారెక్స్ టీకా 0.2 మి.లీ. మెడ చర్మం కింద వేయించాలి. మర్నాడు కాదు, ఆ రోజే. సీసా సాధారణంగా 1000 డోసులది, మీకు పట్టుమని ఇరవై పిల్లలుండవు. అందుకే చుట్టుపక్కల పెంపకందారులంతా గుడ్లను చల్లటి చోట 7 రోజుల లోపే దాచి, ఒకే రోజు పొదగేయండి. 21వ రోజుకు అందరి పిల్లలూ ఒకేసారి వస్తాయి, ఖర్చు పంచుకోవచ్చు. కలిపిన టీకా ఐసులో ఉంచి గంటలోపు వాడాలి, మిగిలింది దాచకూడదు. సూదిని స్పిరిట్‌తో తుడవకండి, టీకా చచ్చిపోతుంది.

'లసోటా టీకా వేశాం కదా, అన్నిటికీ పనిచేస్తుంది' అని చెప్పే షాపులున్నాయి. లసోటా కొక్కెరకు మాత్రమే. కోడిని చూడకుండా ఇంజెక్షన్ చేతిలో పెట్టే షాపువాడి మాట మీద తాతల నాటి కోళ్లను వదిలేస్తారా? ఆ 'బలం' సీసా మీద డెక్సామెథసోన్ (ఒక స్టెరాయిడ్) అని ఉంటే వెంటనే మానేయండి, అది రోగనిరోధక శక్తినే దెబ్బతీస్తుంది.

7వ రోజు కంట్లో లసోటా చుక్క, 28వ రోజు మరోసారి, 8 వారాలకు కొక్కెరకే వేసే మరో టీకా ఆర్2బి 0.5 మి.లీ. చర్మం కింద వేయించండి. ప్రదర్శన నుంచి తిరిగొచ్చిన కోడిని, కొత్తగా కొన్నదాన్ని 3 వారాలు విడిగా కట్టేయండి.