భార కేంద్రకాల విచ్ఛిన్నంపై పరిశోధన మొదలుపెడుతున్న మేనకోడలికి

చిరంజీవి మేనకోడలికి ఆశీస్సులు.

బంగారు కేంద్రకాలు ఢీకొని ముక్కలయ్యే తీరును పరిశోధనాంశంగా ఎంచుకున్నావనీ, పాత ప్రయోగాల దత్తాంశం చేతికి అందినా మొదట ఏ గ్రాఫు గీయాలో తోచడం లేదనీ రాశావు. శకలాల పరిమాణాలను లెక్కపెట్టే పని ఇప్పుడే పెట్టుకోకు. ఒక్కొక్క అభిఘాతంలో రెండు కేంద్రకాలు ఎంత లోతుగా తగులుకున్నాయో ముందు తేల్చుకో. అది తేలకుండా తీసిన సగటు దేనికీ కొరగాదు.

కేంద్రకాన్ని గురిచూసి కొట్టడం ఎవరి చేతుల్లోనూ లేదు. పుంజంలోని అయాన్లలో కొన్ని లక్ష్య కేంద్రకాన్ని అంచున ఒరుసుకుని పోతాయి, కొన్ని నడిమధ్యన తగులుతాయి. న్యూక్లియాన్‌కు, అంటే కేంద్రకంలోని ఒక్కో ప్రోటాన్‌కు లేదా న్యూట్రాన్‌కు, కొన్ని వందల మెగా ఎలక్ట్రాన్ వోల్టుల శక్తి వద్ద, ఎదురెదురుగా పడిన భాగాల్లోని న్యూక్లియాన్లు మాత్రమే నేరుగా ఢీకొంటాయి. నేరుగా ఢీకొనకుండా మిగిలిపోయిన భాగం (దీన్నే ప్రేక్షక భాగం అంటారు) వేడెక్కి, దాదాపు పాత వేగంతోనే ముందుకు సాగుతుంది. వేడి కొద్దిగా ఉంటే అది కొన్ని న్యూట్రాన్లను విడిచి పెద్ద అవశేషంగా నిలుస్తుంది, హెచ్చితే అనేక మధ్యస్థ శకలాలుగా చీలుతుంది, మరీ హెచ్చితే హీలియం, హైడ్రోజన్ కేంద్రకాలుగా, విడి న్యూట్రాన్లుగా చెదిరిపోతుంది. ఈ మూడింటినీ కలిపి సగటు తీస్తే వచ్చే చిత్రం ఏ ఒక్క అభిఘాతానికీ చెందదు.

వర్గీకరించే దారిని జర్మనీలోని డార్మ్‌స్టాట్‌లో, జీఎస్ఐ ప్రయోగశాలలో పనిచేసిన అలాదిన్ బృందం చూపింది. న్యూక్లియాన్‌కు 600 మెగా ఎలక్ట్రాన్ వోల్టుల బంగారు పుంజాన్ని వివిధ లక్ష్యాలపైకి పంపి, ప్రేక్షక భాగం నుంచి వచ్చిన శకలాల్లో ఆవేశం (ప్రోటాన్ల సంఖ్య) 2 గానీ అంతకు మించి గానీ ఉన్నవాటి ఆవేశాలన్నీ కూడి, ఆ మొత్తాన్ని జడ్-బౌండ్ అన్నారు. అది బంగారు కేంద్రకపు పూర్తి ఆవేశమైన 79కి దగ్గరగా ఉంటే అంచు తగిలిందని అర్థం. తగ్గేకొద్దీ అభిఘాతం లోతైనదని అర్థం. ఆవేశం 3 నుంచి 30 వరకు ఉన్న మధ్యస్థ శకలాల సగటు సంఖ్య, జడ్-బౌండ్ సుమారు 40 వద్ద శిఖరానికి చేరి, అటూ ఇటూ తగ్గుతుంది. కార్బన్ లక్ష్యమైనా, రాగి లక్ష్యమైనా బిందువులు దాదాపు ఒకే వక్రరేఖపై పడటం నాకు ఇప్పటికీ ఎంతో అందంగా తోస్తుంది.

అయితే ఇక్కడే ఒక చిక్కు ఉంది. ఏ శకలాలను కూడి అభిఘాతాలను వర్గీకరించావో వాటినే మళ్లీ లెక్కపెడితే, రెండు రాశుల మధ్య కొంత సంబంధం లెక్క వల్లనే పుట్టుకొస్తుంది. అందుకని, ఢీకొన్న భాగం నుంచి పక్కలకు చిమ్మిన తేలిక కణాల సంఖ్యతో కూడా విడిగా వర్గీకరించి, రెండు ఫలితాలనూ పోల్చు.

ఉష్ణోగ్రత జోలికి వెళ్లేటప్పుడు మరింత జాగ్రత్త అవసరం. హీలియం, లిథియం ఐసోటోపుల నిష్పత్తుల నుంచి కొలిచి 1995లో ప్రచురించిన వక్రరేఖలో, ఉత్తేజిత శక్తి, అంటే కేంద్రకంలో చేరిన అదనపు శక్తి, న్యూక్లియాన్‌కు సుమారు 3 నుంచి 10 మెగా ఎలక్ట్రాన్ వోల్టుల వరకు పెరిగినా ఉష్ణోగ్రత 5 మెగా ఎలక్ట్రాన్ వోల్టుల దగ్గరే, అంటే దాదాపు 5,800 కోట్ల డిగ్రీల వద్దే నిలిచింది. పొయ్యి మీద మరుగుతున్న నీటికి ఎంత మంట పెట్టినా వేడి పెరగనట్టే ఇది కూడా ద్రవం వాయువుగా మారడమేనని చాలామంది భావించారు. కానీ నీ డిటెక్టరుకు చేరేవి చల్లారిన శకలాలు. దారిలోనే అవి మరికొన్ని కణాలను విడిచిపెట్టి ఉంటాయి. ఆ సవరణ చేయకుండా ఉష్ణోగ్రత అన్న మాట వాడకు.

సీసం వంటి బరువైన లక్ష్యం ఉంటే, తగలకుండానే విరిగినవాటిని కూడా వేరుచేయాలి. దగ్గరగా దూసుకుపోయే కేంద్రకపు విద్యుత్ క్షేత్రమే ఫోటాన్ల వర్షంలా పనిచేసి న్యూట్రాన్లను, కొన్నిసార్లు ప్రోటాన్లను ఊడగొడుతుంది. లక్ష్యపు ఆవేశం పెరిగేకొద్దీ ఈ ప్రభావం బాగా పెరుగుతుంది. జెనీవా దగ్గరి సెర్న్ ప్రయోగశాలలోని ఆలిస్ బృందం సీసపు కేంద్రకాలు ఇలా మూడు ప్రోటాన్లు కోల్పోయి బంగారంగా మారడాన్ని కొలిచి, 2015 నుంచి 2018 వరకు అక్కడ సుమారు 8,600 కోట్ల బంగారు కేంద్రకాలు పుట్టాయని 2025లో లెక్కగట్టింది. కార్బన్ లక్ష్యంతో ఈ బెడద చాలా తక్కువ గనుక నీ పనిని దానితోనే మొదలుపెట్టు.

రెండు వర్గీకరణలతోనూ మధ్యస్థ శకలాల సంఖ్యను గీసి నాకు పంపు. అవి ఏకీభవించని చోట డిటెక్టరు సామర్థ్యాన్ని ముందు పరీక్షించి, ఆ వివరం కూడా జతచేయి.

ఆశీస్సులతో,
మీ మామయ్య