మూడు వారాలుగా ఒకే తప్పు దగ్గర ఆగిన అమ్మాయి

ప్రశ్న: మా అమ్మాయి ఎలక్ట్రానిక్స్ ఇంజినీరింగ్ చివరి సంవత్సరంలో ఉంది. ప్రాజెక్టు కోసం ఫ్లాష్ మెమరీ కంట్రోలర్‌కు లినక్స్ డ్రైవర్, అంటే దాన్ని నడిపించే ప్రోగ్రామ్, రాస్తోంది. బోర్డు నిద్రలోకి వెళ్లి లేచాక మెమరీని సరిగా చదవడం లేదట. మూడు వారాలుగా దాని మీదే కూర్చుంది. స్నేహితులంతా ఏఐ కోర్సుల్లో చేరిపోయారు. ఇది వదిలేసి అటు వెళ్లమని చెప్పాలా? రెండింటినీ పోల్చి చెప్పండి.
- ఒక తండ్రి

జవాబు: పోలిక అడిగారు, చెబుతాను. అయితే ఇలాంటి ఉత్తరాలు ఏళ్ల తరబడి చదువుతున్నాను. కోర్సుల పేర్లు మారతాయి, లోపలి దిగులు మాత్రం ఒకటే. మా పిల్లకు ఈ పని చేతకాదేమో, అందరూ ముందుకు పోతుంటే తను వెనకబడుతోందేమో అని. ముందు ఆ దిగులు తీరాలి. నిద్ర లేచాక చెడే పరికరంలో తప్పును పట్టడానికి చేయి తిరిగినవాళ్లకూ వారాలు పడతాయి. మీ అమ్మాయి వెనకబడలేదు, కష్టమైన చోట నిలబడి ఉంది.

ఆ కష్టం ఏమిటో మీకు తెలియాలి. ఫ్లాష్ మెమరీలో రాసింది కరెంటు పోయినా చెరగదు. దాన్ని నడిపే కంట్రోలర్‌కు ఆ గుణం లేదు. ఎంత వేగంతో చదవాలి, తప్పులు సరిదిద్దే ఈసీసీ లెక్క ఎలా వేయాలి, ప్రాసెసర్‌ను పిలిచే ఏ సంకేతాలను (ఇంటరప్ట్‌లను) అనుమతించాలి అన్నవన్నీ దాని రిజిస్టర్లలో, అంటే లోపలి చిన్న చిన్న అరల్లో, ఉంటాయి. విద్యుత్తు ఆదా కోసం ఆ భాగానికి కరెంటు ఆపితే అవి పోతాయి. లేవగానే డ్రైవర్ ముందు క్లాక్‌లను, అంటే చిప్‌కు లయ అందించే సంకేతాలను, నడిపించి, తరువాత రిజిస్టర్లను మళ్లీ నింపాలి. క్లాక్ రాకముందే రిజిస్టర్‌ను తాకితే చాలా చిప్‌లలో సిస్టమ్ మొత్తం అక్కడికక్కడే బిగుసుకుపోతుంది. ఎందుకు ఆగిందో చెప్పే ఒక్క అక్షరం కూడా తెర మీద కనిపించకపోవచ్చు.

మెమరీ చిప్ కూడా కొన్ని సంగతులు మరచిపోతుంది. ఫ్లాష్‌లో నార్, నాండ్ అని రెండు రకాలు. నార్ ఫ్లాష్‌లో 16 మెగాబైట్ల వరకు చిరునామా చెప్పడానికి 3 బైట్లు చాలు. అంతకంటే పెద్ద చిప్‌ను 4 బైట్ల పద్ధతికి మార్చి వాడుతుంటే, కరెంటు పోయి వచ్చాక అది సాధారణంగా 3 బైట్ల పద్ధతికే తిరిగి వస్తుంది. డ్రైవర్ మాత్రం నాలుగు పంపుతూనే ఉంటుంది. చిప్ మొదటి మూడింటినే చిరునామాగా తీసుకొని ఎక్కడిదో సమాచారం తెచ్చి ఇస్తుంది, ఏ తప్పూ జరగనట్టే. నాండ్ ఫ్లాష్‌దీ ఇదే తంతు. నాండ్ చిప్‌ల కోసం ఉన్న ఓఎన్ఎఫ్ఐ ప్రమాణం ప్రకారం చిప్ లేచేది టైమింగ్ మోడ్ 0లో, అంటే అన్నిటికంటే నెమ్మదైన వేగంలో. అందులో ఒక విడత చదవడానికి కనీసం 100 నానోసెకన్లు ఇవ్వాలి. మోడ్ 5లో 20 చాలు. కంట్రోలర్‌కు పాత వేగం తిరిగి ఇచ్చి, చిప్‌కు ఆ మాట చెప్పకపోతే ఒకసారి సరిగ్గా, ఒకసారి తప్పుగా చదువుతుంది. పైగా నిద్రలో కొన్ని బోర్డులు చిప్‌కు కరెంటు ఆపుతాయి, కొన్ని ఆపవు. అక్కడ పనిచేసిన డ్రైవర్ ఇక్కడ ఎందుకు చెడిందో తెలియక పిల్లలు తమనే అనుమానించుకుంటారు.

ఈ పనిలోకి రాకముందు నేనూ డ్రైవర్లు రాశాను. ఒక బోర్డు నిద్ర లేచాక మెమరీని గుర్తించేదే కాదు. తలప్రాణం తోకకు వచ్చింది. చివరికి నిద్రకు ముందూ తరువాతా రిజిస్టర్లన్నిటినీ అచ్చు తీసి, రెండు కాగితాలూ పక్కపక్కన పరచి, వేలు పెట్టి చదివాను. ఒక్క వరుసలో తేడా. ఆ విలువను మా డ్రైవర్ ఎన్నడూ రాయలేదు. బోర్డు మొదట ఆన్ అయినప్పుడు, లినక్స్ కంటే ముందు నడిచే బూట్‌లోడర్ అనే ప్రోగ్రామ్ రాసి పెట్టేది. నిద్ర నుంచి లేచేటప్పుడు ఆ పని చేసేవాళ్లు లేరు. మీ అమ్మాయి ఇంకా ఇలా చూడకపోతే చూడమనండి. లినక్స్‌లో పీఎం టెస్ట్ అనే సదుపాయం ఉంది. అందులో డివైసెస్ స్థాయిని ఎంచుకుంటే డ్రైవర్లు ఆగి, 5 సెకన్లకు మళ్లీ మొదలవుతాయి, బోర్డు మాత్రం నిజంగా నిద్రపోదు. అక్కడ బాగుండి నిజమైన నిద్రలో చెడితే, ముందుగా చెరిగిపోయిన విలువల కోసమే వెతకాలి.

ఇక ఏఐ. గణితం మీద ఇష్టంతో, గణాంకాలు లోతుగా చదివి అటు వెళ్లేవాళ్లను నేను ఎప్పుడూ ఆపను. నా అనుమానమంతా కొన్ని నెలల కోర్సుల మీదే. వాటిలో చాలావరకు నేర్పేది ఎవరో రాసి సిద్ధంగా ఉంచిన ప్రోగ్రామ్‌ల లైబ్రరీని పిలవడం, వచ్చిన జవాబును బొమ్మగా చూపడం. ఆ మాత్రం పనిని ఇప్పుడు ఏఐ పనిముట్లే చేసి పెడుతున్నాయి. ఆ ధ్రువపత్రం చేతిలో పట్టుకొని, ఇంటర్వ్యూలో మోడల్ ఎందుకు తప్పు చెప్పిందని అడిగితే నోరు మెదపలేని పిల్లలు నా ఎదుట కూర్చుని కన్నీళ్లు పెట్టుకున్నారు. దూరపు కొండలు నునుపు. ఏఐ లెక్కలు చేసే చిప్‌లకూ డ్రైవర్లు కావాలి, అవీ నిద్రపోయి లేవాలి. డ్రైవర్ల దారిలోనూ ఇబ్బందులున్నాయి. ఉద్యోగ ప్రకటనలు తక్కువ, ఎదుగుదల మొదట్లో నెమ్మది, ఇంట్లో కూర్చుని బోర్డు లేకుండా నేర్చుకోవడం కష్టం.

ఒక మాట కటువుగానే అంటున్నాను, ఏమీ అనుకోవద్దు. మీ ఉత్తరంలో స్నేహితులు ఎక్కడ చేరారో ఉంది, మీ అమ్మాయి ఏమంటోందో లేదు. మానేస్తానని తను అందా? మూడు వారాలుగా ఒకే చోట కూర్చున్న పిల్లను, ఈ రోజు ఏం కనిపెట్టావమ్మా అని ఒక్కసారైనా అడిగారా? పక్కవాళ్ల పిల్లల పేర్లు చెప్పి కదిలిస్తే ఆ ఏకాగ్రత చెదిరిపోతుంది, దాన్ని తిరిగి తేవడం మీ వల్ల కాదు.

ప్రాజెక్టు పూర్తయ్యేదాకా కోర్సుల మాట ఎత్తకండి. ఆ తరువాత ఏఐ వైపు వెళ్తానని తనే అంటే, ముందు గణితం ఎంత వచ్చో చూసుకోమని చెప్పి పంపండి. ఈ రాత్రికి మాత్రం నిద్రకు ముందూ తరువాతా రిజిస్టర్ల అచ్చు కాగితాలు రెండూ తీసి చూపించమని అడిగి, ఒకటి మీరు పట్టుకుని వరుసగా పైకి చదవండి. రెండోది తను చూసుకుంటుంది.