ఒరిజినల్స్ ఇంట్లో పెట్టి రా బుజ్జీ

తార్నాక,
హైదరాబాద్.

చి.ల.సౌ. బుజ్జికి మామయ్య ఆశీస్సులు.

నిన్న రాత్రి నీ ఫోన్ వచ్చినప్పటి నుంచి మీ అత్తయ్యా నేనూ అదే మాట్లాడుకుంటున్నాం. మొన్నటిదాకా నా ఖాకీ చొక్కా జేబులో చిల్లర వెతికిన పిల్ల ఇప్పుడు తన కూతురి కోసం ఇంజనీరింగ్ కాలేజీలు చూడ్డానికి హైదరాబాద్ వస్తోందంటే ఎంత సంతోషంగా ఉందో చెప్పలేను. ఆ సంతోషంలో నిద్ర పట్టలేదనుకో. కానీ నిద్ర పట్టకపోవడానికి ఇంకో కారణం కూడా ఉంది. ఫోన్‌లో చెబితే ‘సరే మామయ్యా’ అనేసి మర్చిపోతావని కాగితం మీద రాస్తున్నాను. అల్లుడు గారికి కూడా చదివి వినిపించు.

సీటు ఇప్పిస్తానన్న కన్సల్టెన్సీ అతను కారు పెడతానన్నాడు, ఒక్క రోజులో ఆరు కాలేజీలు తిప్పుతానన్నాడు, ‘ఒరిజినల్స్ కూడా పట్టుకొస్తే మంచిది’ అన్నాడు అన్నావు చూడు, ఆ చివరి మాట దగ్గరే నా గుండె ఆగినంత పనైంది. వద్దు. ఆ కారు వద్దు, ఆ ఆరు కాలేజీలూ వద్దు, ఒరిజినల్స్ అసలే వద్దు. చిన్నదాని టెన్త్ మెమో, ఇంటర్ మెమో, టీసీ, కుల ధ్రువపత్రం, అన్నీ ఖమ్మంలో మీ బీరువాలోనే ఉండాలి. రెండు సెట్ల జిరాక్స్‌లు తెచ్చుకో, చాలు. కాలేజీ చూడ్డానికి కళ్లు కావాలి గానీ మెమోలు ఎందుకమ్మా?

ఎందుకింత గట్టిగా చెబుతున్నానో నీకు తెలియదు. 2005లో మీ ఇంట్లో నీ పెళ్లి పనులు నడుస్తున్నాయి. శుభమా అని పెళ్లి జరుగుతుంటే మధ్యలో మా గోడు ఎందుకని ఎవరికీ చెప్పలేదు. మీ అమ్మకి కూడా ఏడాది తర్వాత చెప్పాను.

ఆ ఏడు మా చిన్నోడు ఎంసెట్ రాశాడు. వాడికి మొదటి నుంచీ యంత్రాల పిచ్చి. మా ఆర్టీసీ డిపోకి నా క్యారేజీ తెచ్చిస్తే ఇంటికి తిరిగి పోయేవాడు కాదు. గ్యారేజీలో గేర్‌బాక్స్ విప్పుతుంటే మెకానిక్‌ల పక్కన గొంతుక్కూర్చుని చూసేవాడు, చేతులకి గ్రీజు పూసుకుని వచ్చి మీ అత్తయ్యతో తిట్లు తినేవాడు. మెకానికల్ తప్ప ఇంకేదీ చదవనన్నాడు. ర్యాంకు గొప్పగా రాలేదు, అలాగని మరీ చెడ్డగానూ లేదు. కౌన్సెలింగ్‌కి ఇంకా టైముంది. అయినా నాకు టెన్షన్. సీటు రాకపోతే పిల్లాడి ఏడాది పోతుందని భయం. అప్పుడు తెలిసినాయన ఒకాయన, ‘కండక్టర్ గారూ, ఊరి చివర కొత్త కాలేజీ పెట్టారు, మేనేజ్‌మెంట్ సీట్లు అయిపోతున్నాయి, ఈరోజే రావాలి’ అన్నాడు. మా ఉద్యోగుల సహకార సంఘం సీసీఎస్‌లో లోన్ పెట్టి తెచ్చిన నలభై వేలు, వాడి ఒరిజినల్స్ ఫైలు సంచిలో వేసుకుని, వాణ్ని వెంటబెట్టుకుని వెళ్లాను.

ముందు గడ్డి, పూలకుండీలు, నాలుగంతస్తుల అద్దాల బిల్డింగు. నాకు అక్కడే మనసు సగం పడిపోయింది. ఆఫీసులో కూర్చోబెట్టి కూల్‌డ్రింక్ ఇచ్చారు. గుమస్తా సర్టిఫికెట్లు ఒక్కొక్కటీ లెక్కబెట్టి, ఆకుపచ్చ ట్యాగు కట్టి, వెనకాల ఇనప బీరువాలో పెట్టి తాళం వేశాడు. డబ్బుకి రసీదు ఇచ్చాడు, సర్టిఫికెట్లకి ఇవ్వలేదు. అప్పటికి ఇరవై ఏళ్లుగా రూపాయి టికెట్‌కి కూడా కాగితం చింపి ఇచ్చినవాణ్ని, ఆ పూట మాత్రం అడగలేదు.

ఇంతలో చిన్నోడు తలుపు దగ్గర నిలబడి, ‘నాన్నా, వర్క్‌షాపు ఎటో ఒకసారి చూసొస్తాను’ అన్నాడు. నేను, ‘చేరాక నాలుగేళ్లు చూస్తావు గానీ, ముందొచ్చి సంతకం పెట్టు’ అన్నాను. వాడు వచ్చి పెట్టాడు. ఆ కాగితంలో ఏముందో వాడూ చదవలేదు, నేనూ చదవలేదు.

మూడు వారాల తర్వాత కౌన్సెలింగ్‌లో వాడి ర్యాంకు పిలిచారు. అప్పట్లో ఇప్పటిలా ఇంట్లో కూర్చుని వెబ్ ఆప్షన్లు పెట్టుకునే పద్ధతి లేదు. ఒరిజినల్స్ పట్టుకుని మనమే సెంటరుకి వెళ్లాలి. వాడి ర్యాంకుకి మెకానికల్‌లో మంచి చోట సీటు ఉంటుందని వాడి లెక్చరర్ చెప్పారు. ఫైలు కోసం ఆ కాలేజీకి పరుగెత్తాను. ‘నాలుగేళ్ల ఫీజు కట్టి తీసుకెళ్లండి’ అన్నారు. మర్నాడు మళ్లీ వెళ్లాను, బతిమాలాను. మూడోసారి వెళ్లేసరికి తేదీ దాటిపోయింది. వాడు అక్కడే చేరాడు.

రెండో సంవత్సరంలో ఒకసారి ఏదో సంతకానికి వెళ్లినప్పుడు వర్క్‌షాపు తలుపు తీసి ఉంటే లోపలికి తొంగిచూశాను. గోడవారగా నాలుగు లేత్ మిషన్లు. మూడింటికి కంపెనీ వాళ్లు చుట్టి పంపిన ప్లాస్టిక్ కవరు ఇంకా తియ్యలేదు, దాని మీద దుమ్ము పేరుకుని ఉంది. నాలుగోదాని చుట్టూ పిల్లలు మూడు వరసల్లో నిలబడ్డారు. సారు తిప్పుతుంటే వీళ్లు నోట్‌బుక్కులో రాసుకుంటున్నారు. చిన్నోడు వెనక వరసలో మునివేళ్ల మీద నిలబడి ఉన్నాడు. వాడు అడిగిన రోజు ఆ తలుపు దాకా వెళ్లి ఉంటే నాకు ఐదు నిమిషాల్లో అర్థమయ్యేది బుజ్జీ.

వాడు ఏదో కష్టపడ్డాడు, పుణెలో మంచి ఉద్యోగమే చేస్తున్నాడు. నన్ను ఇప్పటిదాకా ఒక్క మాట అనలేదు. మొన్న సంక్రాంతికి వచ్చినప్పుడు వాడి కొడుక్కి సైకిల్ కొనిద్దామని షాపుకి తీసుకెళ్లాను. ఎర్రది చూపించి, ‘ఇది ప్యాక్ చెయ్యండి’ అన్నాను. చిన్నోడు వెనక నుంచి, ‘నాన్నా, వాణ్నొకసారి తొక్కి చూడనీ’ అన్నాడు. మామూలుగానే అన్నాడు. నాకు మాత్రం చాలాసేపు నోట మాట రాలేదు.

ఇప్పుడు రూల్స్ మారాయి. కాలేజీలు ఒరిజినల్స్ తమ దగ్గర ఉంచుకోకూడదు, చూసి సరిపోల్చుకుని తిరిగి ఇచ్చెయ్యాలి అని యూనివర్సిటీల మీద అజమాయిషీ చేసే యూజీసీ 2018లోనే నోటిఫికేషన్ ఇచ్చింది. అయితే రూలు ఉంది కదా అని ఫైలు చేతికివ్వకు. బీరువా తాళం వాళ్ల దగ్గరుంటుంది. అప్పటి ఎంసెట్‌నే ఇప్పుడు ఎప్‌సెట్ అంటున్నారు, దాని వెరిఫికేషన్ రోజున హెల్ప్‌లైన్ సెంటర్లో చూపించాలి కాబట్టి అప్పుడు బయటికి తియ్యి. ఇంకో సంగతి. ప్రైవేటు కాలేజీల్లో నూటికి 70 సీట్లు కన్వీనర్ కోటావే. అవి ర్యాంకుని బట్టి, మనం పెట్టుకున్న వెబ్ ఆప్షన్ల వరుసని బట్టి వస్తాయి. వాటిని ‘ఇప్పించడం’ ఏ కన్సల్టెన్సీ చేతిలోనూ లేదు. అతను తిప్పేది మిగతా 30 మేనేజ్‌మెంట్ సీట్ల కోసం. ‘ఈరోజే టోకెన్ అడ్వాన్స్ కట్టండి’ అని ఎవరన్నా అంటే నమస్కారం పెట్టి లేచి వచ్చెయ్యి. అల్లుడు గారికి మొహమాటం ఎక్కువ, జాగ్రత్త.

ఇక రావడం సంగతి. సెలవు రోజుల్లో రావద్దు, క్లాసులు నడిచే రోజుల్లో రండి. కాలేజీ ఆఫీసుకి ముందే ఫోన్ చేసి అడిగితే గేటు దగ్గర ఆపరు. రోజుకి రెండు కాలేజీలు, అంతే. ఎక్స్‌ప్రెస్ బస్సు ఎక్కితే మీ తల్లీకూతుళ్లకి జీరో టికెట్, అంటే ఉచితం, ఆధార్ మర్చిపోవద్దు. ఎంజీబీఎస్ బస్టాండు దాకా పోకుండా ఎల్బీనగర్‌లో దిగండి, నేను వచ్చి తీసుకెళ్తాను. మర్నాడు కూకట్‌పల్లి జేఎన్‌టీయూ వైపు పోదాం, అమీర్‌పేటలో మెట్రో మారితే కాలేజీ పేరుతోనే స్టేషన్ ఉంది. ఆ మర్నాడు పొద్దున్నే ఉస్మానియా, ఇంటి పక్కనే. మధ్యాహ్నం మెహదీపట్నం మీదుగా గండిపేట వైపు. సీబీఐటీ, ఎంజీఐటీ అటే ఉన్నాయి, ఏదో ఒకటి చూద్దాం.

కారు వద్దని ఎందుకంటున్నానంటే, కాలేజీ సంగతి గేటు దగ్గర కన్నా బస్సులో బాగా తెలుస్తుంది. 31 ఏళ్లు ఆ పిల్లల మధ్యే నిలబడి టికెట్లు కొట్టాను. కొన్ని కాలేజీల పిల్లలు ఎక్కితే వైవా గురించో ప్రాజెక్ట్ గురించో కొట్లాడుకునేవాళ్లు. కొన్ని కాలేజీల పిల్లలు అటెండెన్స్ ఫైను ఎంత, సారు మళ్లీ మానేశాడా, ఇవే. పొద్దున కాలేజీ టైముకి వాళ్ల బస్సులోనే వెళ్దాం. చిన్నదాన్ని ఆడపిల్లల పక్కన కూర్చోనివ్వు, అవసరమైనవన్నీ అదే అడుగుతుంది.

బస్సు దిగాక గేటు దాకా నడవండి. ఎన్ని నిమిషాలు పట్టింది, దారిలో షాపులున్నాయా, వీధిలైట్లు ఉన్నాయా చూడు. చలికాలంలో ల్యాబు అయ్యేసరికి ఐదు దాటితే ఇంకో ముప్పావుగంటకే చీకటి పడుతుంది. ఊరి చివర స్టాపుల్లో ఒంటరిగా నిలబడిన ఆడపిల్లని చూస్తే నేనూ డ్రైవరూ ట్రిప్పు లేటయినా ఆగేవాళ్లం. అందరూ ఆగరు. హాస్టల్ అయితే గదితో పాటు బాత్రూం గడియలు కూడా నీ చేత్తో వేసి చూడు.

లోపల పెద్ద పెద్ద ఫ్లెక్సీలు ఉంటాయి, ఇన్ని లక్షల ప్యాకేజీ అని. అది ఒకరిద్దరి సంగతి. మనం చేరబోయే బ్రాంచిలో ఎంతమంది చదివారు, ఎంతమందికి ఉద్యోగాలొచ్చాయి అని అడుగు. న్యాక్ గుర్తింపు మొత్తం కాలేజీకి, ఎన్‌బీఏ గుర్తింపు మాత్రం ఒక్కో బ్రాంచికి విడిగా ఇస్తారు. ఎలక్ట్రానిక్స్ బ్రాంచి ఈసీఈకి ఉందని చూపించి కంప్యూటర్ బ్రాంచి సీఎస్‌ఈలో చేర్చుకునేవాళ్లుంటారు. ఒకే పేరుతో రెండు మూడు కాలేజీలుంటాయి కాబట్టి ఆ కాలేజీ ఎప్‌సెట్ కోడ్ రాసుకోవాలి. ల్యాబులో మిషన్లు ఎన్నున్నాయని అడగొద్దు, ఎన్ని నడుస్తున్నాయో చూడండి. లైబ్రరీలో చిన్నది చదవబోయే సబ్జెక్టు పుస్తకం ఒకటి తీసి, అట్ట వెనక అతికించిన తేదీల కాగితం చూడమను. ఆఖరి ముద్ర ఏ ఏడాదిదో చూస్తే చాలు. కంప్యూటర్లో ఎక్కించేచోట ఆ కాగితం ఉండదు, అప్పుడు పుస్తకాల అంచులు నలిగాయో లేదో చూడండి.

ఇవన్నీ చూసేటప్పుడు నువ్వు దానికంటే నాలుగడుగులు వెనక నడువమ్మా. ‘నీకేం ఇష్టం?’ అని ఎవరన్నా దాన్ని అడిగితే నువ్వు జవాబు చెప్పకు. అది నీళ్లు నమిలినా సరే, ఆగు. నిన్న ఫోన్‌లో నేను దాన్నే అడిగితే వెనక నుంచి ‘సీఎస్‌ఈ మామయ్యా’ అని నీ గొంతు వినిపించింది. అది ‘ఊఁ’ అని ఊరుకుంది. ఆ ‘ఊఁ’ నాకు నచ్చలేదు. దాని మనసులో సీఎస్‌ఈనే ఉందేమో, వేరేదుందేమో, నాకు తెలియదు. కాలేజీ చూసి వచ్చిన రాత్రి మేడ మీద పక్కలు వేస్తాను. అప్పుడు అదే చెబుతుంది, మనం వినాలి.

కోప్పడ్డానని అనుకోకు. మీ అమ్మ గుర్తొస్తోంది. అక్క ఇంటర్ పాసయ్యాక కోఠి ఉమెన్స్ కాలేజీలో చేరతానని మూడు రోజులు అన్నం మానేసింది. మా నాన్న ‘ఆడపిల్లకి పట్నమెందుకు’ అన్నాడు. అంతే, అయిపోయింది. నేను ఉద్యోగంలో చేరాక ఒకసారి అక్కని ఆ కాలేజీ చూపించడానికి తీసుకెళ్లాను. 1924లో మొదలైన కాలేజీ అది, ఒకప్పటి రెసిడెన్సీ భవనంలో నడిచింది. ఎదురుగా అంతంత స్తంభాలు. అక్క గేటు ఊచలు పట్టుకుని నిలబడింది గానీ లోపలికి రానంది. అప్పటికి నువ్వు అక్క చంకలో ఉన్నావు. ఇప్పుడు ఆ కాలేజీని చాకలి ఐలమ్మ పేరుతో మహిళా విశ్వవిద్యాలయం చేశారు. వీలుంటే చిన్నదాన్ని అటు కూడా తీసుకెళ్దాం. చేరడానికి కాదు, ఊరికే లోపలికి వెళ్లి ఒకసారి ఆ మెట్లెక్కి దిగడానికి.

రెండు జతల బట్టలు, గొడుగు, జిరాక్స్‌లు. మామిడికాయల బుట్ట మోసుకురాకు, నీ నడుము నొప్పి సంగతి అత్తయ్యకి తెలుసు. బస్సు సూర్యాపేట దాటగానే ఫోన్ చెయ్యి. బయల్దేరే ముందు బీరువాకి తాళం వేసి, ఫైలు లోపలే ఉందని నాకో మాట చెప్పు.

మీ
మామయ్య