విదేశీ బడిలో పాఠాలు చెబుతూనే బోధనార్హత

చిరంజీవికి ఆశీస్సులు.

ఇంటర్నేషనల్ స్కూల్లో ఉద్యోగం చేస్తూనే బోధనార్హత సంపాదించాలనుకుంటున్నట్లు రాశావు. మంచి ఆలోచనే. అయితే ఫీజు కట్టే ముందు, కోర్సు చివర నీ చేతికి వచ్చేది విశ్వవిద్యాలయం ఇచ్చే పట్టానా, లేక ప్రభుత్వం గుర్తించే ఉపాధ్యాయ హోదానా అన్నది తేల్చుకో. రెండూ ఒకటేననుకొని చేరిపోయేవారు తక్కువేమీ కాదు.

ఇంగ్లండ్ పద్ధతినే చూడు. అక్కడి విశ్వవిద్యాలయాలు విదేశాల్లో పనిచేసే ఉపాధ్యాయుల కోసం నడిపే ఇంటర్నేషనల్ పీజీసీఈ అనే, డిగ్రీ తర్వాత చేసే బోధనా కోర్సులో చదువు గట్టిగానే ఉంటుంది. మాస్టర్స్‌కు కావలసిన 180 క్రెడిట్లలో సాధారణంగా 60 దానితోనే వస్తాయి. కానీ అది ఒక్కటే ఉంటే క్యూటీఎస్ అనే ఉపాధ్యాయ హోదా రాదు. ఆ హోదాయే కావాలనుకుంటే, ఆ దేశపు విద్యాశాఖ 2022లో ప్రయోగాత్మకంగా మొదలుపెట్టిన ఐక్యూటీఎస్ మార్గం ఉంది. దానికోసం ఇంగ్లండ్ వెళ్లనక్కరలేదు. అమెరికా వైపు మొగ్గితే లైసెన్సు ఇచ్చేది రాష్ట్రాలు కాబట్టి, ఆ కోర్సు ఏ రాష్ట్రపు లైసెన్సుకు దారితీస్తుందో అడుగు. నువ్వున్న దేశపు విద్యాశాఖ వీటిలో దేన్ని ఒప్పుకుంటుందో కూడా ముందే కనుక్కోవాలి.

అసైన్‌మెంట్లు రాయడం గురించి బెంగపడుతున్నావు గానీ, అసలు కష్టం అక్కడ ఉండదు. బడి నీకు కేటాయించే మెంటర్ వారం వారం నీ తరగతికి వచ్చి కూర్చుని, పాఠం అయ్యాక నీతో మాట్లాడే తీరిక ఉన్న మనిషి కాకపోతే ఏ కోర్సూ నిన్ను ముందుకు నడపలేదు. "బాగా చెప్పారు" అన్న ఒక్క ముక్క రాసి సంతకం పెట్టే మెంటర్ వల్ల నీకు ఒరిగేదేమీ లేదు. భిన్నాల పాఠంలో వెనక బెంచీ పిల్లలు హారాలను కూడా కూడేస్తున్నారని గమనించి, అది నువ్వు ఏ నిమిషంలో పట్టుకోవలసిందో చెప్పగలిగేవారు కావాలి. ఆ పరిశీలన కాగితాన్నీ, ఆనాటి పాఠ్యప్రణాళికనూ, తప్పు దిద్దుకున్నాక ఆ పిల్లలు చేసిన లెక్కల నకలునూ ఒకేచోట తేదీ వేసి దాచుకో. మూల్యాంకనం చేసేవారు అడిగేది ఇలాంటి ఆధారాలనే. పిల్లల పేర్లు మాత్రం కొట్టివేయడం మరువకు.

ఇంకొక చిక్కు ఉంది. కొన్ని మార్గాల్లో రెండో బడిలో కూడా కొంతకాలం బోధించాలంటారు. అందుకు సెలవిస్తారా, ఆ రోజుల్లో నీ తరగతులను ఎవరు తీసుకుంటారు అన్నవి నీ ఒక్కదాని చేతిలో ఉండవు. కాబట్టి వచ్చే ఏటి ఒప్పందం మీద సంతకం పెట్టకముందే ప్రిన్సిపాల్‌తో మాట్లాడి, ఒప్పుకున్నవన్నీ ఈమెయిల్లో రాయించుకో. మెంటర్ ఎవరో, వారు మధ్యలో బడి మారితే ఆ బాధ్యత ఎవరిదో కూడా అందులోనే ఉండాలి.

ఆశీస్సులతో,
మీ పెద్దమ్మ