తంజమ్మాళ్‌ను గయ్యాళిని చేయకమ్మా

చిరంజీవికి ఆశీస్సులు.

రామానుజుల మీద నువ్వు రాసిన ప్రతిని రెండుసార్లు చదివాను. 1017లో శ్రీపెరుంబుదూరులో పుట్టుక, బ్రహ్మసూత్రాలకు రాసిన శ్రీభాష్యం, మేల్కోటెలో గడిపిన కాలం, 1137లో శ్రీరంగంలో పరమపదం, అన్నీ సంప్రదాయం చెప్పినట్టే ఉన్నాయి. గోపురమెక్కి మంత్రం చాటిన ఘట్టానికి ఎనిమిది పేజీలు ఇచ్చావు. అది అందరికీ తెలిసిన కథ, రెండు పేజీలు చాలు. దానికి ముందు ఆ మంత్రం ఉపదేశించిన గురువు గోష్ఠీపూర్ణుల దగ్గరికి పద్దెనిమిది సార్లు తిరిగారంటారు కదా, ఆ తిరుగుడు రాయి. శ్రీరంగం నుంచి ఆయన ఊరు తిరుక్కోష్టియూరు వంద కిలోమీటర్లకు దగ్గర. అంత దూరం నడిచివెళ్ళి, ఇంకోసారి రమ్మంటే వెనక్కి తిరిగిన మనిషిని చూశాకే గోపురం మీది గొంతు పాఠకుడికి వినిపిస్తుంది.

నాకు బాధ కలిగింది కంచి ఇంటి దగ్గర. కాంచీపూర్ణులు వరదరాజస్వామికి వింజామర వీచే భక్తుడు, బ్రాహ్మణుడు కాదు. ఆయన తిన్న ఆకులో మిగిలింది తినాలని రామానుజులు ఆశపడి భోజనానికి పిలిచారు. రామానుజులు ఇంట్లో లేనప్పుడు కాంచీపూర్ణులు వచ్చి, తిని వెళ్ళిపోయారు. రామానుజుల భార్య తంజమ్మాళ్ ఆ ఆకు తీసేసి, ఇల్లు శుద్ధి చేసి, తలస్నానం చేసి, భర్త కోసం మళ్ళీ వంట పెట్టింది.

నువ్వు ఆమెను నోటి దురుసు మనిషిగా రాశావు. అలా రాయడం తేలిక. కానీ మడి అంటే ఏమని ఆమెకు నేర్పారో అదే చేసిందమ్మా, అదీ భర్త మీద శ్రద్ధతోనే. రామానుజులు ఆ తర్వాత ఎదిరించిన ఆచారం మొదట ఆయన వంటింట్లోనే, ఆయన ఆకలి తీర్చడానికే పొయ్యి వెలిగించింది. ఈ కథలో ఇంతకంటే గట్టి చోటు నాకు కనబడలేదు.

రామానుజుల గురువు మహాపూర్ణుల భార్యతో నూతి దగ్గర ఆమె పడ్డ గొడవ క్లుప్తంగా చెప్పినా సరిపోతుంది. ఆ తర్వాతది మాత్రం దాటెయ్యకు. పుట్టింట్లో పెళ్ళి ఉందని ఉత్తరం వచ్చినట్టు చూపించి ఆమెను పంపేసి, వరదరాజస్వామి ఎదుట సన్యాసం తీసుకున్నారని చెబుతారు. ఆచార్యులకు మాట వస్తుందని ఉత్తరం సంగతి వదిలేసినట్టున్నావు. ఆయనంటే నాకూ ప్రాణమే. అయినా రాయి.

ఆ పెళ్ళికని ఆమె ఏ చీర మూటగట్టుకుందో ఆలోచించు. ఆ ఒక్క అధ్యాయం తిరగరాసి పంపు, మిగతాది తర్వాత చూద్దాం.