వీల్‌చైర్‌తో విజయనగరం నుంచి శ్రీకాకుళం: బస్సా, రైలా? ర్యాంపు ఎక్కలేకపోతే ఎవరికి చెప్పాలి?

మీరు అడిగినవి రెండు. పక్షవాతం వచ్చిన నాన్నగారిని భూమి కాగితాల పని మీద విజయనగరం నుంచి శ్రీకాకుళం తీసుకెళ్లాలి, బస్సు మేలా రైలు మేలా అన్నది ఒకటి. అక్కడి ఆఫీసులో "ర్యాంపు ఉందండీ" అన్నారు గానీ కిందటిసారి ఇద్దరు తోసినా కుర్చీ పైకి రాలేదు, ఎవరికి చెప్పుకోవాలి అన్నది రెండోది. నాకు చిన్నప్పుడే పోలియో వచ్చింది. చాలాకాలం క్యాలిపర్ (కాలికి బిగించే ఊతపట్టీ), చంకకర్రలు. భుజాలు అరిగాక దూరం వెళ్లాలంటే వీల్‌చైరే. ఉద్యోగరీత్యా ఈ రెండు జిల్లాల మధ్య తిరుగుతుంటాను కాబట్టి నాకు తెలిసింది రాస్తున్నాను.

బస్సు సంగతి ముందు. కుర్చీలో కూర్చున్న మనిషిని కూర్చున్నట్టే ఎక్కించుకునే బస్సు ఈ దారిలో నాకింతవరకు తగల్లేదు. 2020 మార్చి 1 నుంచి కొత్త బస్సుల్లో వికలాంగులకు సీట్లు, పట్టుకోడానికి కడ్డీలు, చంకకర్రలు పెట్టుకునే చోటు, వీల్‌చైర్ ఎక్కే ఏర్పాటు ఉండాలని కేంద్ర మోటారు వాహనాల నిబంధనలు సవరించారు. మన దాకా వచ్చేసరికి కిటికీ పైన "వికలాంగులకు" అన్న అక్షరాలు మిగిలాయి. ఆ సీట్లో కూర్చున్నవాళ్లని లేపడం కండక్టర్ పని, మీరు గొడవ పడక్కర్లేదు. మన కండక్టర్లు మంచోళ్లే, "ముందే సెప్పాల కదేటి బాబూ" అని కసురుకుని మరీ సీటు ఇప్పిస్తారు.

నాన్నగారు ఒకరి సాయంతో నాలుగు మెట్లు ఎక్కగలిగితేనే బస్సు గురించి ఆలోచించండి. ఎక్కేటప్పుడు బాగున్న కాలు ముందు పెట్టాలి, దిగేటప్పుడు పట్టులేని కాలు ముందు దించాలి. కుడి పక్క పడిపోయిన మనిషైతే కడ్డీ ఎడమ చేతికి అందాలి. తలుపు దగ్గర కడ్డీ ఏ పక్కన ఉందో కింద నిలబడే చూసుకోండి. అది లేని బస్సు వదిలేసి తర్వాతది చూడండి. దారిలో చెయ్యెత్తి ఆపకుండా కాంప్లెక్స్‌లోనే, అంటే ఆర్టీసీ బస్టాండులోనే ఎక్కండి, అక్కడ బస్సు కాసేపు ఆగుతుంది. మడతపడే కుర్చీ అయితే ఎక్స్‌ప్రెస్ డిక్కీలో పడుతుంది.

నన్నడిగితే రైలే. ఒక చిక్కుంది, శ్రీకాకుళం ఊళ్లో స్టేషన్ లేదు. శ్రీకాకుళం రోడ్ అంటే ఆమదాలవలసలో దిగి, అక్కణ్ణుంచి ఆటో మాట్లాడుకోవాలి. షేర్ ఆటో వద్దు, మొత్తం ఆటో మాట్లాడుకుని కుర్చీ మడిచి వెనక కట్టించండి. రైల్లో వికలాంగుల పెట్టె మామూలుగా గార్డు పెట్టెతో కలిసి బండి కొసన ఉంటుంది. తలుపు వెడల్పు, లోపల కుర్చీ తిరగడానికి చోటు, పెద్ద టాయిలెట్ ఉంటాయి. కానీ ఎత్తున్న ప్లాట్‌ఫారం మీద కూడా పెట్టె అంచు ఇంకా పైనే ఉంటుంది, కాబట్టి ఒక ఎత్తు ఎత్తక తప్పదు. ఇద్దరు మనుషులుండాలి. ఆ పెట్టెలో మామూలు ప్రయాణికులు నిండిపోయి ఉంటే రైల్వే హెల్ప్‌లైన్ 139కి ఫోన్ చేయండి. అలా ఎక్కడం రైల్వే చట్టం 155వ సెక్షన్ కింద నేరం, జరిమానా వేస్తారు. బండి ఏ ప్లాట్‌ఫారం మీదికి వస్తుందో, ఆ రోజు లిఫ్టు నడుస్తోందో లేదో స్టేషన్ మేనేజర్ గదిలో కనుక్కోండి. స్టేషన్ వీల్‌చైర్ కూడా అక్కడే అడగాలి.

తోడు లేకుండా ప్రయాణం చేయలేరని సర్టిఫికెట్ ఉంటే సెకండ్ క్లాస్, స్లీపర్, థర్డ్ ఏసీల్లో టికెట్ మీద 75 శాతం తగ్గింపు ఉంది. తోడు వెళ్లే ఒకరికీ అంతే. రైల్వే వాళ్లిచ్చే ఫొటో కార్డు తీసుకుంటే టికెట్ తీసిన ప్రతిసారీ కాగితాలు చూపించే తలనొప్పి తప్పుతుంది.

ఇక ర్యాంపు. నా దగ్గర ఎప్పుడూ వడ్రంగి టేపు ఒకటి ఉంటుంది. ర్యాంపు ఉందా అని అడిగితే అందరూ ఉందనే అంటారు, కొలిస్తే గానీ నిజం తేలదు. కేంద్ర గృహ, పట్టణ వ్యవహారాల శాఖ 2021 మార్గదర్శకాల ప్రకారం వాలు 1:12 కంటే నిటారుగా ఉండకూడదు. అంటే ఒక అడుగు ఎత్తెక్కడానికి పన్నెండు అడుగుల పొడవు. మన ఆఫీసులకు సాధారణంగా మూడు మెట్లుంటాయి, మెట్టు 15 సెంటీమీటర్లు అనుకుంటే మొత్తం 45. పన్నెండుతో గుణిస్తే 540 సెంటీమీటర్లు, దాదాపు పద్దెనిమిది అడుగులు. మీరు వెళ్లిన చోట ఆరేడు అడుగులకు మించి ఉండదని నా అనుమానం. అది మోటార్‌సైకిల్ లోపల పెట్టుకోడానికి సరిపోయే వాలు. కుర్చీని వెనక్కి దొర్లిస్తుంది, దిగేటప్పుడైతే మనిషిని ముందుకు విసిరేస్తుంది.

వెడల్పు కనీసం 120 సెంటీమీటర్లు, రెండు పక్కలా కడ్డీలు, తలుపు దగ్గర సమతలంగా కొంత చోటు కూడా చూడండి. ఆ చోటు లేకపోతే తలుపు లాగుతుండగానే కుర్చీ జారిపోతుంది. నున్నటి గ్రానైట్ పరిచిన ర్యాంపులు మన వైపు ఎక్కువ. వాన జల్లు పడితే చెప్పులేసుకున్నవాళ్లే జారతారు, కుర్చీ మాట చెప్పాలా?

చట్టం మీ పక్షానే ఉంది. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం సెక్షన్ 45 ప్రకారం, ప్రజలు వాడే పాత భవనాలను నిబంధనలు వచ్చిన ఐదేళ్లలోగా సరిచేయాలి. నిబంధనలు 2017 జూన్‌లో వచ్చాయి, గడువు 2022తోనే తీరింది. ప్రైవేటు బ్యాంకులకు, ఆసుపత్రులకు కూడా వర్తిస్తుంది. సెక్షన్ 44 ప్రకారం కొత్త కట్టడానికి ఈ ఏర్పాట్లు లేకుండా ప్లాన్ అనుమతే ఇవ్వకూడదు. ఉల్లంఘిస్తే సెక్షన్ 89 కింద మొదటిసారి పదివేల దాకా, మళ్లీ చేస్తే యాభైవేల నుంచి ఐదు లక్షల దాకా జరిమానా. చూపులేని రాజీవ్ రాతూరి వేసిన కేసులో సుప్రీంకోర్టు, హైదరాబాద్‌లోని నల్సార్ న్యాయ విశ్వవిద్యాలయం నివేదిక చూశాక, 2024 నవంబర్ 8న, ప్రమాణాలను సలహాలుగా వదిలేసిన, ఆ 2017 నిబంధనల్లోని 15(1) ఈ చట్టానికి విరుద్ధమని తేల్చింది. తప్పనిసరి ప్రమాణాలు మూడు నెలల్లో పెట్టమని కేంద్రానికి చెప్పింది.

అర్జీ సోమవారం కలెక్టరేట్ గ్రీవెన్స్‌లో ఇవ్వండి. "నాన్నగారు చాలా ఇబ్బంది పడ్డారు, దయచేసి" అని రాస్తే జాలి పడతారు, ఫైలు కదలదు. ఇలా రాయండి: "మెట్ల ఎత్తు 45 సెం.మీ. ర్యాంపు పొడవు 200 సెం.మీ. 1:12 వాలుకు 540 సెం.మీ. కావాలి. కడ్డీలు లేవు. సెక్షన్ 45 ప్రకారం సరిచేయగలరు." టేపు పక్కన పెట్టి తీసిన ఫొటో జతచేయండి. రసీదు నంబరు లేకుండా బయటికి రావొద్దు. ఒక కాపీ జిల్లా విభిన్న ప్రతిభావంతుల సంక్షేమ శాఖకి, పని జరక్కపోతే ఆ కాపీయే దివ్యాంగుల రాష్ట్ర కమిషనర్‌కి. మా పేటలో ఒక బ్యాంకు ఇలాంటి కాగితం మీదే మలుపు తిరిగే ర్యాంపు కట్టింది. ఇప్పుడు దాని మొదట్లో స్కూటర్లు పెడుతున్నారు, ఆ యుద్ధం వేరే నడుస్తోంది.

చివరగా ఒకటి. ముందే చెబితే మిగతాది చదవరని ఇక్కడ పెట్టాను. భూమి కాగితాల పని అంటే రిజిస్ట్రేషనే అయితే, నాన్నగారు అసలు వెళ్లక్కర్లేకపోవచ్చు. 1908 రిజిస్ట్రేషన్ చట్టం సెక్షన్ 38 ప్రకారం, శరీరం సహకరించక ప్రమాదమో పెద్ద ఇబ్బందో లేకుండా ఆఫీసుకి రాలేనివారికి హాజరు మినహాయింపు ఉంది. అధికారే ఇంటికి రావాలి, లేదా వాంగ్మూలం తీసుకోడానికి కమిషన్ వేయాలి, అంటే తన తరఫున ఒకరిని పంపాలి. డాక్టరు సర్టిఫికెట్ జతచేసి ముందుగా రాతపూర్వకంగా అడగండి. నోటితో అడిగితే "అలాటిదేటీ లేదండి" అంటారు. పని రిజిస్ట్రేషన్ కాదు, మరేదైనా అయితే కింద రాయండి, దానికేం చేయొచ్చో చూద్దాం.